వార్తలు చదివేవారు పేరు చెప్పేవారు, అనౌన్సర్ ఎందుకు చెప్పేవారు కాదు?

కరణంమనవడు (మంగళవారం, రాత్రి 9.40)

అందరికీ నమస్తే. పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద మా నాన్న క్యాసెట్లు ఒక డబ్బా నిండా దొరికాయి. 1980ల్లో రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి పాటలు ఎక్కించుకునేవారు. ఇప్పుడు ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి మారుస్తున్నా. అందులో ఒక క్యాసెట్ మీద పాటల పేర్లు ఏమీ లేవు, "మంచి గొంతు" అని ఒక్క ముక్క రాసుంది.

వేసి చూస్తే ఆశ్చర్యం. పాటలు దాదాపు లేవు! పాటకీ పాటకీ మధ్య అనౌన్సర్ చెప్పే మాటలు మాత్రం ఏరి ఒకచోట చేర్చారు. టైం చెప్పడం, తర్వాతి కార్యక్రమం చెప్పడం, ఉత్తరాలు రాసినవాళ్ల ఊర్ల పేర్లు చదవడం. మొత్తం 40 నిమిషాలు. నడుమ ఒకచోట "ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది అద్దంకి మన్నార్" అని వస్తుంది. ఆయన ఎవరో అందరికీ తెలుసు. మిగతా 39 నిమిషాల గొంతు ఎవరిదో తెలుసుకునే దారి లేదు, ఆయన ఒక్కసారి కూడా పేరు చెప్పలేదు.

నా ప్రశ్నలు రెండు. ఈ గొంతు ఎవరిది? పది నిమిషాలు వార్తలు చదివేవారు పేరు చెప్పుకుంటే, పొద్దున్నుంచీ మాట్లాడే మనిషి ఎందుకు చెప్పడు?

ఒక ముక్క కింద పెట్టాను. అందులో పాట చరణం మధ్యలో ఆగిపోతుంది. తొమ్మిది సెకన్లు ఏమీ ఉండదు. చిన్న టిక్కుమనే చప్పుడు. తర్వాత "అంతరాయానికి చింతిస్తున్నాం" అని, వెంటనే ఇంకో పాట.

మీటర్‌బ్యాండ్ (రాత్రి 10.05)

ఎక్కడైనా మీటర్లు, కిలోహెర్ట్జ్ (కేంద్రం ప్రసారమయ్యే అంకె) చెప్పారా? 738 అంటే హైదరాబాదు, 837 విజయవాడ, 900 కడప, 927 విశాఖ. అంకె వినిపిస్తే కేంద్రం దొరికినట్టే.

కరణంమనవడు (రాత్రి 10.12)

అదే బాధ సార్. కేంద్రం పేరు వచ్చే ముక్కలన్నీ నాన్న కత్తిరించేశారు. మా ఊళ్లో రాత్రిపూట మూడు కేంద్రాలు వచ్చేవి కాబట్టి ఊరిని బట్టి కూడా చెప్పలేను.

చిట్టిబాబు99 (రాత్రి 10.31)

ఎవరూ ఏమీ అనుకోనంటే ఒక మాట. ఆ రోజుల్లో వినడానికి ఉన్నది ఒకటో రెండో స్టేషన్లు. ఉన్నది ఒక్కటే గొంతైతే అదే మంచి గొంతు. ఇప్పుడు వెయ్యి మంది మాట్లాడుతున్నారు, వాళ్లలో అంతకంటే బాగా మాట్లాడేవాళ్లు వంద మంది ఉంటారు. ఇదంతా చిన్నప్పటి ముచ్చటే కానీ వేరే ఏం లేదు.

ఓరుగల్లు_సంధ్య (రాత్రి 10.50)

చిట్టిబాబు, నువ్వన్నదాంట్లో సగం నిజం ఉంది. కానీ చిన్నప్పటి ముచ్చటైతే ఆ నాన్నగారు పాటలు ఉంచుకుని మాటలు తీసేయాలి కదా. ఆయన చేసింది తిరగేసి.

పేరు సంగతి. పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ, మావిళ్లపల్లి రాజ్యలక్ష్మి... వీళ్ల పేర్లు మా ఇంట్లో చుట్టాల పేర్లలాగే తిరిగేవి. సంస్కృతం ఒక్క ముక్క రాని మా నానమ్మకి కూడా సంస్కృత వార్తల్లోని "ప్రవాచకః బలదేవానందసాగరః" వచ్చు. అదే మంగళవాద్యం అయ్యాక "ఇప్పుడు భక్తిరంజని" అన్న మనిషి ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. నేనూ ఇన్నేళ్లూ దీన్ని ఆలోచించలేదు.

మీటర్‌బ్యాండ్ (రాత్రి 11.20)

పేరు చెప్పే అలవాటు పుట్టింది యుద్ధంలో. లండన్ బీబీసీ రేడియోలో మొదట్లో అనౌన్సర్లు, వార్తలు చదివేవాళ్లు అందరూ అనామకులే. మాట్లాడేది మనిషి కాదు, సంస్థ అన్న పట్టింపు. 1920ల నుంచే సాయంత్రం డ్యూటీలో అనౌన్సర్ డిన్నర్ జాకెట్ తొడుక్కుని మైకు ముందు కూర్చోవాలి. చూసేవాడు ఎవడూ లేకపోయినా సరే! 1940లో జర్మన్లు దొంగ వార్తలు ప్రసారం చేస్తారేమోనన్న భయం పట్టుకుంది. అప్పుడు వార్తలు చదివేవాళ్ల చేత పేరు చెప్పించడం మొదలుపెట్టారు. జనం గొంతునీ పేరునీ కలిపి గుర్తుపెట్టుకుంటే దొంగ గొంతు దొరికిపోతుందని. అల్వార్ లిడెల్ లాంటి వాళ్ల పేర్లు ఇంటింటికీ తెలిసింది అలాగే. అంటే పేరు చెప్పించింది కీర్తి కోసం కాదు, కాపలా కోసం.

మన ఆలిండియా రేడియోకి ఆ పేరు 1936 జూన్‌లో వచ్చింది. దాని మొదటి కంట్రోలర్ లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ నుంచి వచ్చినవాడే. వార్తలకు పేరు, ప్రకటనకు మౌనం అన్న తేడా కూడా అటునుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం. దొంగ వార్త వల్ల ప్రమాదం కానీ, దొంగ "ఇప్పుడు లలిత సంగీతం" వల్ల ఎవరికేం నష్టం?

పాతస్పూలు (బుధవారం, ఉదయం 6.15)

ఇన్నాళ్లూ ఈ గుంపులో చదివిపోవడమే తప్ప రాయలేదు. నేను అనౌన్సర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఏ కేంద్రమో అడగకండి. ముందు క్యాజువల్ (పిలిచిన రోజే పని), ఆ తర్వాత స్టాఫ్ ఆర్టిస్టు, చివరికి గవర్నమెంటు ఉద్యోగి.

ఇద్దరి పని ఒకటే అనుకుంటారు చాలామంది. కానే కాదు. ఢిల్లీలో తెలుగు వార్తలు చదివేవారి ఉద్యోగం పేరే న్యూస్‌రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. ఇంగ్లీషులో వచ్చిన కాపీని తనే తెలుగు చేసుకుని తనే చదవాలి. సినిమాల్లోకి రాకముందు జగ్గయ్యగారు ఢిల్లీలో చేసిన పని అదే. ఆ గొంతు సినిమాకి పనికొచ్చిందంటారు కానీ, నన్నడిగితే ఆ వాక్యం విరుపు పనికొచ్చింది. రోజూ ఇంగ్లీషు వాక్యాన్ని విరిచి తెలుగులో నిలబెట్టినవాడికి డైలాగ్ ఎక్కడ ఆపాలో ఒకరు చెప్పక్కర్లేదు.

అనౌన్సర్ పని వేరు. అతని చేతిలో ఉండేది వార్త కాదు, గడియారం. పొద్దున ట్రాన్స్‌మిషన్ అంటే చీకట్లోనే వచ్చేయాలి. డ్యూటీ రూములో క్యూ షీట్ తీసుకోవాలి. ఆ రోజు ఏ నిమిషానికి ఏది వెళ్లాలో అందులో ఉంటుంది. లైబ్రరీ నుంచి వచ్చిన స్పూలు టేపులు, రికార్డులు షీట్‌తో సరిచూసుకోవాలి. లేబుల్ మీద ఒకటి, లోపల ఒకటి ఉండటం మామూలే, అందుకని ప్రతిదీ మొదలు కాస్త విని చూసుకోవాలి. సిగ్నేచర్ ట్యూన్, వందేమాతరం, మంగళవాద్యం. అక్కణ్ణుంచి మన చెయ్యి ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) మీద, కన్ను గడియారం ముల్లు మీద. ఢిల్లీ వార్తలు రిలే చేయాలంటే సెకను ముందు కాదు, సెకను తర్వాతా కాదు. ప్రసంగం ముందే అయిపోయి నిమిషంన్నర మిగిలితే ఫిల్లర్ వేయాలి. సాగిపోతే ఎక్కడ తగ్గించాలో మనమే తేల్చుకోవాలి. మధ్యమధ్యలో మీరు విన్న ఆ రెండు వాక్యాలు. అవి మా పనిలో పదోవంతు.

ఆడిషన్‌లో గొంతు బాగుందా అని చూస్తారనుకుని వెళ్లాను. చూసింది నాలుక. శ ష స వేరువేరుగా పలకాలి. ళ, ణ నోట్లోనే అరిగిపోకూడదు. వత్తులు వినపడాలి కానీ ఊదినట్టు ఉండకూడదు. చాపలో చ, చక్రంలో చ ఒకటి కాదని వాళ్లు అడిగేదాకా నాకు తెలీదు. పుట్టినప్పటి నుంచీ సరిగ్గానే అంటున్నా, తెలీకుండా! ఉద్యోగంలో చేరాక ఒక శ్రోత నెలకో కార్డు రాసేవారు. సంతకం ఉండేది కాదు. ఆ నెలలో నేను ఎన్ని వత్తులు మింగానో లెక్క, అంతే. మూడేళ్ల తర్వాత ఒక కార్డులో "ఈ నెల సున్న" అని వచ్చింది. ఆ తర్వాత కార్డులు ఆగిపోయాయి. ఆయనకు నామీద నమ్మకం కుదిరిందో, ఏమయ్యారో.

పేరు గురించి మేమూ బాధపడ్డాం, పడలేదని ఎందుకు చెప్పాలి. మాకు ఉత్తరాలు "ఆదివారం పాటలు వేసే అబ్బాయికి" అని వచ్చేవి. నేనప్పటికి ఇద్దరు పిల్లల తండ్రిని.

చిట్టిబాబు99 (ఉదయం 8.02)

సార్, రాత్రి నేను తొందరపడి రాశాను. ఒక డౌటు. స్టాఫ్ ఆర్టిస్టు అంటే ఆర్టిస్టులా, ఉద్యోగులా?

పాతస్పూలు (ఉదయం 8.40)

రెండూ కాదు నాయనా, అదే చిక్కు. నెలనెలా వచ్చేదాన్ని జీతం అనరు, ఫీజు అంటారు. కాంట్రాక్టు గడువు దగ్గరపడితే టెన్షన్ మొదలు. ఇల్లు కట్టుకుందామని అప్పుకి వెళ్తే మీది పర్మనెంటా అని అడిగేవారు. మైకు ముందు మాత్రం గవర్నమెంటు గొంతు మాదే. 1982లో స్టాఫ్ ఆర్టిస్టుల్ని ప్రభుత్వ ఉద్యోగులుగా లెక్కించాలని నిర్ణయం వచ్చాకే పెన్షన్ అన్న మాట మా ఇళ్లలో వినపడింది. మా కంటే ముందు తరం వాళ్లలో చాలామంది ఆ సుఖం చూడలేదు.

ఓరుగల్లు_సంధ్య (మధ్యాహ్నం 1.15)

పాతస్పూలు గారూ, మీరు వత్తులు, శషసలు అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఆ నాలుక పరీక్షలో మా యాస ఎక్కడుండేది?

హైదరాబాదులో 1950 ఏప్రిల్ 1 దాకా ఉన్నది నిజాం కాలపు దక్కన్ రేడియో, అక్కడ ఉర్దూదే పెద్దపీట. ఆలిండియా రేడియో అయ్యాక తెలుగు పెరిగింది, సంతోషం. కానీ వార్తల్లో, ప్రకటనల్లో వినిపించే తెలుగు నేను మాట్లాడేది కాదు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు మాట్లాడుకుంటుంటే మా ఇంట్లో అందరం పని ఆపి వినేవాళ్లం. వాళ్లది కూడబలుక్కున్నట్టుండే మాట కాదు, మనుషుల మాట. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక పోటీలో అనౌన్సర్లా మాట్లాడమన్నారు. నా నోటికి తెలీకుండానే వేరే జిల్లా తెలుగు వచ్చేసింది. ఫస్టు ప్రైజు కూడా ఇచ్చారు. ఇప్పటికీ ఆ కప్పు చూస్తే నవ్వొస్తుంది, కొంచెం కోపం కూడా.

పాతస్పూలు (మధ్యాహ్నం 2.30)

అమ్మా, దీనికి నా దగ్గర జవాబు లేదు. మాకు నేర్పినది ప్రామాణికం అని నేర్పారు, అది ఎవరి ఇంటి ప్రామాణికమో మేం అడగలేదు. నా మట్టుకు నేను మా అమ్మ మాట్లాడే మాట మైకులో ఎప్పుడూ అనలేదు. మాదీ పెద్ద ఊరు కాదు.

మీటర్‌బ్యాండ్ (సాయంత్రం 5.50)

ఇంకో పక్క కూడా ఉంది. పేరు చెప్పకుండానే పేరు తెచ్చుకున్నవాళ్లు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల్ని ఎవరూ ఆ పేర్లతో పిలవలేదు, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంతే. విజయవాడ కేంద్రం నుంచి ధర్మసందేహాలు చెప్పిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు ఎవరంటే తెల్లమొహం వేస్తారు, ఉషశ్రీ అంటే చాలు.

ఇక టీవీ వచ్చాక పేరు దాచడం కుదరలేదు, ఎందుకంటే మొహం కనిపించేస్తోంది. 1936 నవంబర్ 2న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ టెలివిజన్ మొదలైనప్పుడు లెస్లీ మిచెల్ అనే అనౌన్సర్ కనిపించాడు. అంతకు రెండేళ్ల ముందే రేడియోలో చేరినవాడు. అప్పట్లో రెండు పోటీ పద్ధతులు వారం వారం మారేవి. ఒకటి బొమ్మను 405 అడ్డగీతలుగా చూపే మార్కోనీ-ఇఎంఐ. రెండోది 240 గీతల బెయిర్డ్. దాంట్లో ఒక చిన్న స్టూడియో ఉండేది, అనౌన్సర్ చీకట్లో కూర్చుంటే ఒక కాంతి చుక్క మొహం మీద గబగబా తిరిగేది. మేకప్ దట్టంగా పూస్తే తప్ప కళ్లూ పెదాలూ తేలేవి కావు. డిన్నర్ జాకెట్ నుంచి రంగు పూతకు వచ్చారన్నమాట. అదే మిచెల్ 1955 సెప్టెంబర్ 22న బ్రిటన్ ప్రైవేటు టీవీ మొదలైన రోజు కూడా మొదటి గొంతు అయ్యాడు. రెండు ప్రారంభాలకూ ఒకే మనిషి.

అతని తోటి అనౌన్సర్ జాస్మిన్ బ్లై సంగతి ఇంకా బాగుంటుంది. యుద్ధం వల్ల 1939 సెప్టెంబర్ 1న ఆపేసిన టీవీని 1946 జూన్ 7న మళ్లీ తెరిచినప్పుడు ఆవిడే వచ్చి, బాగున్నారా, నేను గుర్తున్నానా, జాస్మిన్ బ్లైని అని అడిగింది. రేడియో అనౌన్సర్ ఆ ప్రశ్న అడగగలడా?

కీలైట్ (రాత్రి 8.25)

టీవీ మాట వచ్చింది కాబట్టి నేనూ దూరతాను. నేను స్టూడియోలో లైట్ల పని చేశాను.

మన దగ్గర హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. తెలుగు వార్తలు మాత్రం ఆరేళ్ల తర్వాత, 1983 నవంబర్ 14న. చదివింది శాంతిస్వరూప్. 1978లోనే దూరదర్శన్‌లో చేరిన మనిషి, అంటే మొదటి బులెటిన్‌కి ముందు ఐదేళ్లు కెమెరాకి అలవాటు పడ్డాడు. ఇప్పటివాళ్లకి చెప్పాల్సిన సంగతి ఏమిటంటే అప్పుడు టెలిప్రాంప్టర్ లేదు. చేతిలో కాగితాలు. చూసి చదివితే జనానికి నడినెత్తి కనపడుతుంది. చూడకుండా చదివితే తప్పు దొర్లుతుంది. అందుకని ముందే చదివి మనసుకి ఎక్కించుకుని, కన్ను ఒక్క క్షణం కిందకి, మళ్లీ పైకి. రేడియోలో కాగితం అసలు దాపరికం, చప్పుడు కాకుండా తిప్పితే చాలు. టీవీలో కాగితమే నటన. 2011లో రిటైరయ్యారు, 2024 ఏప్రిల్ 5న పోయారు. ఆ రోజు ప్రైవేటు చానెళ్లలో వార్తలు చదివేవాళ్లందరూ ఆయన పేరు చెప్పారు, వాళ్లకి ప్రాంప్టర్ ఉంది.

లైట్ల గురించి చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల దీపాల కింద పావుగంట కూర్చుంటే పౌడర్ కరిగి చెంప మీద గీత పడేది. తెల్ల చీర కట్టుకొస్తే కెమెరా తట్టుకోలేదు, చీర వెలిగిపోయి మొహం నల్లబడేది. సన్న గళ్ల చొక్కా వేసుకొస్తే తెర మీద పురుగులు పాకినట్టు ఉండేది. ఇంటికెళ్లి మార్చుకు రమ్మనే చెడ్డ పని నాది. కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య నవ్వుతూ వచ్చి "ఇప్పుడు మీరు చూడబోయేది" అనే అనౌన్సర్ ఉండేవారు గుర్తుందా? 1995 తర్వాత ప్రైవేటు చానెళ్లు వచ్చాక ఆ కుర్చీ పోయింది, దాని చోట ప్రోమోలు. ఏ రోజు పోయిందో ఎవరూ ప్రకటించలేదు, ప్రకటించాల్సినవాళ్లే వాళ్లు కదా.

చిట్టిబాబు99 (రాత్రి 9.00)

పాతస్పూలు సార్, మీ లైవ్‌లో అన్నిటికంటే కష్టమైన రోజు?

పాతస్పూలు (రాత్రి 10.10)

1984 అక్టోబర్ 31. మధ్యాహ్నం డ్యూటీ నాది. సినిమా పాటలు తీసెయ్, వీణ వెయ్ అన్నారు. ఎందుకని అడగలేదు, అడిగే మొహాలు కావు అక్కడివి. బయట అప్పటికే బీబీసీ విన్నవాళ్లు చెప్పుకుంటున్నారు. ఆకాశవాణి ఇందిరాగాంధీ పోయారని చెప్పింది సాయంత్రం. ఈలోపల నాకు చేతిలో ఉన్నది టైము ఒక్కటే. "సమయం మూడు గంటల పదిహేను నిమిషాలు" అన్నాను. అలవాటు ప్రకారం ఆ వాక్యం చివర గొంతు కొంచెం పైకి లేస్తుంది, వినేవాడికి హుషారుగా ఉండాలని. ఆ రోజు దాన్ని లేపకుండా ఆపాను. అంతే చేశాను. ఆ ఒక్క మాట వినే తనకు విషయం అర్థమైందని నా భార్య తర్వాత చెప్పింది.

కరణంమనవడు (గురువారం, ఉదయం 7.30)

రాత్రంతా ఇది చదివి మళ్లీ మళ్లీ ఆ క్యాసెట్ విన్నాను. సార్, నేను పెట్టిన ఆ తొమ్మిది సెకన్ల ముక్క మీరు విన్నారా?

పాతస్పూలు (ఉదయం 9.20)

విన్నాను, మనవడి చేత హెడ్‌ఫోన్ పెట్టించుకుని. ఏం జరిగిందో చెప్తాను.

రికార్డు మీద సూది ఇరుక్కుంటే అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఇక్కడ శుభ్రంగా ఆగిపోయింది కాబట్టి అది టేపు తెగడం. కొత్తవాడైతే వెంటనే మైకు తెరిచి చింతిస్తున్నాం అనేస్తాడు, ఆ తర్వాత వేయడానికి ఏదీ ఉండదు. మళ్లీ నిశ్శబ్దం, ఈసారి చింతించడానికి కూడా మిగలదు. ఇతను ఆ తొమ్మిది సెకన్లూ నోరు తెరవలేదు. పక్క టర్న్‌టేబుల్ మీద రికార్డు పెట్టి, సూది గాడిలో దించి, పాట మొదలయ్యేచోటికి చేత్తో తిప్పి పట్టుకున్నాడు. మీరన్న టిక్కు మైకు కీ. అప్పుడు తాపీగా ఒక్క వాక్యం, వెంటనే పాట. తొమ్మిది సెకన్లంటే మాకు తొమ్మిది రోజులు, గాజు అవతల కంట్రోల్ రూములో ఇంజినీర్ చేతులు ఊపుతుంటాడు. అయినా గొంతులో ఆయాసం లేదు చూడండి. మీ నాన్నగారు ఈ ముక్క ఎందుకు దాచుకున్నారో నాకు అర్థమైంది.

ఇంకోటి. "చింతిస్తున్నాం"లో ఆ చిం దగ్గర చిన్న నొక్కు ఉంది. శిక్షణకి వెళ్లినప్పుడు ఇతనూ నేనూ రెండు వారాలు ఒకే గదిలో ఉన్నాం. రాత్రిళ్లు ఆ మాటే పదిసార్లు చెప్పించి ఏడిపించేవాళ్లం.

పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఉద్యోగమంతా చెప్పని పేరు, అడక్కుండా నేను బయటపెట్టడం బాగోదు. మీకు విడిగా మెసేజ్ పంపాను.

ఓరుగల్లు_సంధ్య (ఉదయం 9.45)

అయ్యో, మాకూ చెప్పండి సార్!

కరణంమనవడు (శనివారం, సాయంత్రం 6.10)

ఫోన్ చేశాను. ఎత్తింది ఆయనే. హలో అనగానే నాకు మాట రాలేదు, ఆ హలో మా ఇంట్లో విన్న గొంతే, కొంచెం గరుకెక్కింది. నాన్న సంగతి, క్యాసెట్ మీద రాసిన మాట సంగతి చెప్పాను. కాసేపు ఊరుకున్నారు. ఆ ముక్క పంపిస్తే విన్నారు. అన్నది ఒక్కటే, "ఏడు సెకన్లలో అయ్యేది బాబూ, లేబుల్ చదవడానికి రెండు పోయాయి."

పేరు పెట్టొచ్చా అని అడిగాను. వద్దన్నారు. మిగతా 39 నిమిషాలు పేరు లేకుండా పెట్టుకోమన్నారు. ఫైలు రేపు ఎక్కిస్తాను. మీటర్‌బ్యాండ్ గారూ, హిస్ (టేపులో వచ్చే బుస చప్పుడు) తగ్గించడానికి మీరు వాడేది ఏ సాఫ్ట్‌వేర్?

మీటర్‌బ్యాండ్ (సాయంత్రం 6.32)

చెప్తాను, కానీ ఆ తొమ్మిది సెకన్ల దగ్గర మాత్రం హిస్ ముట్టుకోకండి.